బిల్లు లేని 50 రూపాయలు, ఇంటికి రాని సిలిండర్: మా గ్యాస్ ఏజెన్సీతో నా అనుభవం

ఈ సంగతంతా మా చెల్లె బ్యాంకు పాస్‌బుక్కులోని ఒక్క లైను వల్ల బయటపడింది. 2025 డిసెంబర్ మొదట్లో పింఛను డబ్బుల కోసం బ్యాంకుకు పోయి, పాస్‌బుక్ ప్రింట్ కొట్టించుకుంది. ఆమెకు చదువు రాదు. లైన్లో ఉన్న ఎవరో పిల్లతో చదివించుకుని, అక్కడి నుంచే నాకు ఫోన్ చేసింది.

"అన్నా, గ్యాస్ పైసలు మొన్న ఇంకోసారి పడ్డయంట. నేనైతే బతుకమ్మప్పుడు తెచ్చుకున్న సిలిండరే ఇంకా కాలుస్తున్న. రాని సిలిండర్‌కు పైసలెట్ల వస్తయి?"

డబ్బు వచ్చినందుకు కాదు, లెక్క తప్పినందుకు ఆమె భయపడింది. రేపు ఎవరో వచ్చి ఆ పైసలు తిరిగి కట్టమంటారని ఆమె టెన్షన్. దేవరకొండలో ఆమె పేరు మీద ఉన్న గ్యాస్ కనెక్షన్ గురించి, ఆ ఏజెన్సీతో మాకు జరిగిన బిల్లు గొడవ గురించి, అది ఎలా తీరిందో ఇక్కడ రాస్తున్నాను. ఏజెన్సీ పేరు రాయను. చివరికి ఓనరే ముందుకొచ్చి సరిచేశాడు, అందుకని.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. నేను ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టర్‌గా చేసి 2024లో రిటైర్ అయ్యాను. ఎక్కువ కాలం దేవరకొండ నుంచి మల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా హైదరాబాద్ పోయే బస్సుల్లోనే గడిచింది. డబ్బు తీసుకుని టికెట్ ఇవ్వకపోతే కండక్టర్ ఉద్యోగం పోతుంది. అది మాకు మొదటి రోజు నేర్పే మాట. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక కూడా ప్రతి అక్కకూ, ప్రతి అవ్వకూ జీరో టికెట్ కొట్టి చేతిలో పెట్టాం. రూపాయి తీసుకోని ప్రయాణానికే మేం కాగితం ఇచ్చాం. తొమ్మిది వందల పైన తీసుకుని గ్యాస్ బండ దించే మనిషి కాగితం ఇవ్వకుండా పోతే నేను ఊరుకోలేను.

మా చెల్లె భర్త పోయి ఏడేళ్లయింది. వితంతు పింఛను 2,016 రూపాయలు, పత్తి సీజన్‌లో ఏరే కూలి, వానాకాలం కలుపు కూలి, ఇవే ఆమె ఆదాయం. బిడ్డ హైదరాబాద్‌లో నర్సింగ్ చదువుతోంది. చెల్లె దగ్గర ఉన్నది ఒకటే సిలిండర్. స్నానం నీళ్లు పత్తికట్టె మీద కాగబెడుతుంది, అన్నం, కూర, చాయ మాత్రమే గ్యాస్ మీద. అందుకే ఒక్క బండ రెండున్నర నెలల పైన వస్తుంది.

తెలంగాణలో 2024 ఫిబ్రవరి 27న మహాలక్ష్మి పథకం కింద 500 రూపాయల గ్యాస్ మొదలైంది. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లు సిలిండర్ దించేటప్పుడు పూర్తి రేటు కట్టాలి, 500 పోను మిగతాది తర్వాత బ్యాంకులో పడుతుంది. ఎన్ని సిలిండర్లకు పడుతుందనేది మాత్రం అందరికీ ఒకటి కాదు. అంతకుముందు మూడేళ్లలో ఎన్ని వాడారో సగటు చూసి లెక్క కడతారు. మా చెల్లెకు ఏడాదికి ఐదు. ఇది గుర్తు పెట్టుకోండి, గొడవ మొత్తానికి ఇదే మూలం.

ఆ రోజు సాయంత్రమే వాళ్లింటికి పోయాను. ఆమెది బటన్ల ఫోను. మెసేజ్‌లు ఎప్పుడూ తెరిచి చూడదు, అన్నీ అలాగే పేరుకుపోయి ఉన్నాయి. ఒక్కొక్కటే వెనక్కి చూస్తూ పోయాను. నవంబర్ 13న గ్యాస్ బుక్ అయిందని ఒకటి. 14న నాలుగంకెల డెలివరీ నంబర్ ఒకటి. అదే రోజు 11 గంటల 40 నిమిషాలకు సిలిండర్ ఇంటికి చేరిందని, బిల్లు నంబరుతో సహా ఇంకొకటి.

"నవంబర్ 14 నాడు యాడున్నవ్?" అని అడిగాను.

"పత్తి చేన్ల. పొద్దుగాల ఆటోల పోయి చీకటి పడ్డంక వచ్చిన. ఇంటికి తాళమే ఉండె."

మరి ఆ నాలుగంకెల నంబరు ఎవరికి చెప్పావంటే, చాలాసేపు ఆలోచించి చెప్పింది. చేన్లో ఉండగా ఎవరో ఫోన్ చేసి, గ్యాస్ కేవైసీ చేయాలి, ఫోన్‌కు ఒక నంబర్ వచ్చింది చెప్పమ్మా అన్నారట. పక్క సాలులో ఏరుతున్న పిల్లకు ఫోన్ చూపించి చదివించి చెప్పేసింది. ఆమె తప్పు పట్టడానికి లేదు. కేవైసీ అనే మాట ఆ ఏడాదంతా అందరి నోటా వింటూనే ఉంది. కానీ ఈ నాలుగంకెల నంబరు సిలిండర్ మన గడపలో దిగిందని సాక్ష్యం. 2020 నవంబర్ నుంచి ఈ పద్ధతి పెట్టింది అందుకే. బండ కళ్ల ముందు ఉంటేనే ఆ నంబర్ చెప్పాలి, ఫోన్‌లో ఎవరికీ చెప్పకూడదు. కేవైసీ అయితే ముఖమో వేలిముద్రో చూపించి చేసేది, దానికి డబ్బు కూడా అవసరం లేదు.

బిల్లులేవీ అని అడిగితే ఒక్కటి కూడా లేదు. ఆ ఏడాది వచ్చిన నాలుగు సిలిండర్లకూ ఇవ్వలేదట. ఎంతెంత ఇచ్చావంటే మాత్రం నోటికి చెప్పింది, ఏ నోట్లు ఇచ్చిందో కూడా. కూలి డబ్బు లెక్క అలా గుర్తుంటుంది. నేను నోట్‌బుక్కులో రాసుకుని, ఫోన్ మెసేజ్‌ల్లో ఉన్న బిల్లు మొత్తాలతో పోల్చాను. ఫిబ్రవరిది సరిపోయింది. ఏప్రిల్, జూలై, సెప్టెంబర్ మూడింటికీ 50 చొప్పున ఎక్కువ పోయింది.

ఏప్రిల్‌లో ఎలా జరిగిందో చూడండి. 2025 ఏప్రిల్ 8న నిజంగానే సిలిండర్ మీద 50 రూపాయలు పెరిగింది. 20న బండ తెచ్చిన పిల్లగాడు ఫిబ్రవరి కన్నా 100 ఎక్కువ అడిగి, రేటు పెరిగిందమ్మా అన్నాడు. టీవీలో పెరిగిందనే చెప్పారు కాబట్టి ఆమె మారు మాట్లాడలేదు. ఆ వందలో 50 ప్రభుత్వం పెంచింది, ఇంకో 50 వాళ్లు పెంచుకున్నది. చేతిలో బిల్లు ఉండి ఉంటే ఆ రెండు యాభైలూ అప్పుడే వేరుపడేవి. బిల్లు మీద ఉన్న రేటులోనే ఇంటికి తెచ్చి ఇచ్చే ఛార్జీ కలిసి ఉంటుంది. మనమే గోడౌన్‌కు పోయి తెచ్చుకుంటే అది తగ్గించి తీసుకోవాలి కూడా. మా చెల్లె ఇల్లు ఊళ్లోనే, కింది అంతస్తే, ట్రాలీ ఇంటి ముందు దాకా వస్తుంది.

మర్నాడు ఏజెన్సీకి పోయాను. కౌంటర్ దగ్గర ఉన్న అతను కంప్యూటర్లో చూసి, "నవంబర్ 14 డెలివరీ అయింది సార్, ఓటీపీ కూడా పడ్డది" అన్నాడు. ఇంటికి రాలేదు బాబూ అన్నాను. "పెద్దామె కదా, మర్చిపోయి ఉంటది."

ఆ మాట దగ్గరే నాకు కోపం వచ్చింది. 49 ఏళ్ల మనిషిని పెద్దామె అన్నందుకు కాదు. చదువు రాకపోతే జ్ఞాపకం కూడా ఉండదని అనుకున్నందుకు. సరే తమ్ముడూ, మళ్లీ వస్తా అని చెప్పి ఇంటికి వచ్చాను. వచ్చేటప్పుడు ఇంకో మాట కూడా అన్నాడు: "అయినా సబ్సిడీ మీకే పడ్డది కదా సార్, మీకేం నష్టం?"

నష్టం ఏంటో చెబుతాను, ఇలాంటిది జరిగిన వాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నాలుగు వందల చిల్లర ఊరికే వచ్చింది కదా అనుకుంటారు. కానీ ఏడాదికి ఐదే. ఆమె వాడని బండతో ఐదులో ఒకటి ఖర్చయింది. ఆఖరి సిలిండర్‌కు వచ్చేసరికి పూర్తి రేటు కట్టాక ఒక్క రూపాయి కూడా వెనక్కి పడదు. అంటే ఇప్పుడు పడ్డ డబ్బు రేపు ఆమె జేబులోంచే పోతుంది, మధ్యలో ఒక సిలిండర్ మాత్రం ఎవరో వాడుకున్నారు. పైగా ప్రభుత్వ డబ్బు తీసుకున్నట్టు రికార్డు మా చెల్లె పేరు మీద ఉంది. దొంగ లెక్కలో ఆమె పేరు ఎందుకుండాలి?

రెండోసారి పోయేటప్పుడు చెల్లెను, ఆమె ఇంటి గోడకున్న క్యాలెండర్‌ను వెంట తీసుకుపోయాను. ఆమెకు ఒక అలవాటుంది. కొత్త సిలిండర్ ఇంట్లోకి రాగానే దానికి పసుపు, కుంకుమ బొట్టు పెడుతుంది. అదే వేలితో ఆ రోజు తేదీ మీద క్యాలెండర్‌లో ఒక చుక్క పెడుతుంది. ఎన్ని రోజులు వచ్చిందో చూసుకోవడానికి. ఫిబ్రవరి 3, ఏప్రిల్ 20, జూలై 8, సెప్టెంబర్ 27. నాలుగు ఎర్ర చుక్కలు. నాలుగూ కంపెనీ రికార్డుతో ఒక్క రోజు తేడా లేకుండా సరిపోయాయి. ఈ రికార్డు మా మేనకోడలు తీసి పెట్టింది. హైదరాబాద్ నుంచి తన ఫోన్‌లో కంపెనీ యాప్ తెరిచి, వాళ్లమ్మ ఫోన్‌కు వచ్చిన ఓటీపీ నన్ను అడిగి, పాత డెలివరీలన్నీ తేదీలతో, బిల్లు నంబర్లతో నాకు పంపింది. "మామా, దీన్ని జెరాక్స్ షాపుల ప్రింట్ తీయించు, ఫోన్‌లో చూపిస్తే చూడరు" అంది. ఆ సలహా బాగా పనికొచ్చింది.

నవంబర్ పేజీ తీసి కౌంటర్ మీద పెట్టాను. అందులో పాలవాడి గీతలున్నాయి, కూలికి పోయిన రోజులకు సున్నాలున్నాయి. 14వ తేదీకి సున్నా ఉంది, ఎర్ర చుక్క లేదు. చెల్లె అక్కడే నిలబడి, "ఈ సున్నా అంటే నేను చేన్ల ఉన్న. నువ్వెవలికిచ్చినవో నువ్వే చెప్పాలె బిడ్డా" అంది. లైన్లో ఉన్న ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు మా దగ్గరికి వచ్చారు. మా దగ్గర కూడా యాభై తీసుకుంటున్నారని ఒకామె అంది. మా దగ్గర ముప్పై అని ఇంకొకామె.

నేను తెల్లకాగితం మీద ఫిర్యాదు రెండు కాపీలు రాసుకుని పోయాను. కనెక్షన్ నంబరు, నాలుగు తేదీలు, మూడు యాభైల లెక్క, నవంబర్ 14 బిల్లు నంబరు. కింద చెల్లె వేలిముద్ర, సాక్షిగా నా సంతకం. ఒక కాపీ మీద ముద్ర వేసి ఇవ్వమంటే, ఓనర్ లేడు, వేయనన్నాడు. అప్పుడు అక్కడే బయట బెంచీ మీద కూర్చుని 1800-2333-555కి ఫోన్ చేశాను. ప్రభుత్వ గ్యాస్ కంపెనీల వినియోగదారుల కోసం ఉన్న టోల్ ఫ్రీ నంబర్ అది. తెలుగులోనే మాట్లాడారు. మొత్తం విని ఫిర్యాదు నంబర్ ఇచ్చారు. ఆ నంబరును రెండు కాపీల మీదా రాసి, ఒకటి లోపలికి పోయి కౌంటర్ మీద పెట్టి వచ్చాను.

మూడో రోజు కంపెనీ సేల్స్ ఆఫీసర్ ఫోన్ చేశాడు. ఐదు నిమిషాలే మాట్లాడాడు, కానీ సరైన ప్రశ్నలు అడిగాడు. ఆ రోజు ఇంట్లో ఎవరున్నారు, నంబర్ ఎవరికి చెప్పారు, డబ్బు ఎవరు కట్టారు. ఆ సాయంత్రమే ఏజెన్సీ ఓనర్ నుంచి ఫోన్. "సోమవారం రండి సార్, కూర్చుని చూద్దాం."

డిసెంబర్ 22, సోమవారం. ఓనర్ మర్యాదగా కూర్చోబెట్టాడు, చాయ తెప్పించాడు. నవంబర్ 14 నాడు ట్రాలీలో ఎన్ని బండలు పోయాయో ఆ షీట్ తీశాడు. చెల్లె వాళ్ల వీధికి ఆ రోజు అసలు ట్రాలీ రాలేదు. వేరే రూట్ షీట్‌లో మా చెల్లె పేరు ఉంది. ఆయన చాలాసేపు దాన్నే చూసి, తప్పు మా దగ్గరే జరిగిందమ్మా అన్నాడు. చెల్లె వైపు తిరిగి అన్నాడు, నా వైపు కాదు. అది నాకు నచ్చింది.

ఎలా తీర్చాలనే దగ్గర కొంచెం సమయం పట్టింది. ఎక్కువ తీసుకున్న 150 రూపాయలు అక్కడే ఇచ్చాడు. నవంబర్ సిలిండర్ ఊరికే ఇస్తానన్నాడు. చెల్లె వద్దంది. "సర్కారు పైసలు నా ఖాతాల పడ్డయి. బండ ఊరికే తీసుకుంటే అది నేను తిన్నట్టయితది. బిల్లుల ఎంతుందో అంత కడత, బండ ఇయ్యి." లెక్క సరిగ్గా అదే. నవంబర్ బిల్లు ప్రకారం పూర్తి రేటు ఆమె కడుతుంది, మిగతాది ముందే ఆమె ఖాతాలో పడి ఉంది, అంటే చివరికి ఆమె చేతి నుంచి పోయేది 500. ఐదులో ఒకటి పోయింది అనుకున్నది మళ్లీ ఆమె చేతికి వచ్చింది. అదృష్టమో ఏమో, ఆమె పాత బండ రెండు రోజుల ముందే అయిపోయింది. ఖాళీ సిలిండర్ ఇంట్లో సిద్ధంగా ఉంది.

నాకు ఇప్పటికీ తృప్తి లేనివి రెండున్నాయి. కంపెనీ రికార్డులో ఆ డెలివరీ నవంబర్ 14 గానే ఉంది, తేదీ మార్చడం కుదరదన్నారు. ఆ రోజు ఆ బండ ఎవరింటికి పోయిందో, ఏ పొయ్యి కింద కాలిందో ఎంత అడిగినా చెప్పలేదు. నేను అనుకున్నది నా దగ్గరే ఉంచుకుంటాను, చూడనిది రాయను. ఈ రెండింటికి నేను మార్కులు తగ్గిస్తాను.

అప్పటికీ తీరకపోతే ఏం చేసేవాడినో కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. 1915 అని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. అది కూడా కాకపోతే నల్గొండలో జిల్లా వినియోగదారుల కమిషన్. ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. లాయర్ లేకుండా మనమే పోయి చెప్పుకోవచ్చు. నేను ఆ కాగితాలు కూడా ఫైల్లో పెట్టుకున్నాను.

డబ్బు గొడవ పక్కన పెడితే ఈ ఏజెన్సీ పని బాగుంటుంది, ఆ మాట కూడా చెప్పడం న్యాయం. 2024 వానాకాలంలో ఒక రాత్రి చెల్లె ఇంట్లో రెగ్యులేటర్ దగ్గర వాసన వస్తే 1906కి ఫోన్ చేశాం. గంటలోపే వీళ్ల మెకానిక్ వర్షంలో తడుస్తూ వచ్చి, వాల్వ్ లోపల వాషర్ మార్చి, సబ్బు నీళ్లతో చూపించి పోయాడు. పైసా అడగలేదు. బుక్ చేసిన రెండో రోజుకల్లా బండ వస్తుంది. తూకంలో ఎప్పుడూ తేడా చూడలేదు.

ఆ పిల్లగాడి గురించి ఒక మాట. 22 సాయంత్రం బండ తెచ్చింది అతనే. ముఖం చిన్నబోయి ఉంది. ఓనర్‌తో నేను ముందే చెప్పాను, వీణ్ణి పనిలోంచి తీయొద్దు, జీతం సరిగా ఇవ్వండి, యాభై అడిగే అవసరం రాకుండా చూడండి అని. రోజుకు నలభై, యాభై బండలు భుజం మీద మోసే మనిషి అతను. ఇష్టమై ఎవరైనా పది, ఇరవై ఇస్తే అది వేరే సంగతి. రేటు పెరిగిందని చెప్పి తీసుకోవడం మాత్రం తప్పు, అది అతనికే చెప్పాను. తల ఊపాడు.

తూకం వేయమన్నాను. ట్రాలీలోంచి కాంటా తీసి వేలాడదీశాడు. సిలిండర్ పట్టీ మీద ఖాళీ బరువు 15.9 కిలోలని ఉంది, కాంటా 30.1 చూపించింది. 14.2 కిలోల గ్యాస్ పూర్తిగా ఉంది. పక్కనే డి-27 అని ఉంది, అంటే 2027 చివరి మూడు నెలల దాకా మళ్లీ టెస్టుకు పోనవసరం లేదు. చెల్లె నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది. అతను బిల్లు చింపి ఆమె చేతికే ఇచ్చాడు. అందులో ఉన్న మొత్తం చదివి వినిపించమంది, వినిపించాడు. ఆమె ఇచ్చినంతే ఉంది.

ఐదుకు మూడు ఇస్తున్నాను. కౌంటర్ పక్కన ఇప్పుడు రేటు బోర్డు పెట్టారు, ఇంటికి తెచ్చే ఛార్జీ ఇందులోనే అని తెలుగులో రాశారు. ఏడాది మొత్తం బిల్లులు ఇలాగే వస్తే ఇంకొకటి కలుపుతాను.

పిల్లగాడు పోయాక చెల్లె సిలిండర్‌కు బొట్టు పెట్టి, అదే వేలితో క్యాలెండర్‌లో 22 మీద చుక్క పెట్టింది. బిల్లును క్యాలెండర్ వేలాడే మేకుకే గుచ్చి, స్టవ్ మీద చాయకు నీళ్లు పెట్టింది.